పల్టన్ గుడ్డ మీద పద్దెనిమిదో పేరు

పాత వస్తువులను బాగుచేసే మా ప్రయోగశాలలో రాతి విగ్రహాలకు ఒకరు, కంచు సామానుకు ఒకరు, పాత కాగితాలకు ఇద్దరు ఉండేవారు. గుడ్డలకు మాత్రం నేనొక్కదాన్నే. చిరిగిన తెర వచ్చినా, పురుగు కొట్టిన అంగరఖా వచ్చినా, గుడారం ముక్క వచ్చినా నా బల్ల మీదికే చేరేది. వెనకాల నన్ను అందరూ "కుట్టు మేడం" అనేవారని నాకు తెలుసు. అందులో తప్పేమీ లేదు. కుట్టడం కంటే ఇతరులు వేసిన కుట్లు చదవడమే నా పని అని వాళ్లకు వివరించే ఓపిక నాకు లేకపోయింది, అంతే.

ఇప్పుడు ఆ ఉద్యోగంలో చేరుతున్న పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తారు. మీ సర్వీసులో బాగా గుర్తున్న పని ఏది మేడం అని అడుగుతారు. జరీ కడగడంలో నేను చేసిన పొరపాట్లు చెప్పి, టీ ఇచ్చి పంపిస్తుంటాను. ఈ ఒక్కటి మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఇందులోని వాళ్లలో చాలామంది ఇప్పుడు లేరు. ఉన్న ఒక్కాయన, రాసుకోండి మేడం, పేర్లు మాత్రం వద్దు అన్నాడు. కనుక ఎవరి పేరూ రాయను. ఊరి పేరు కూడా రాయను. శామీర్‌పేట దగ్గర, రోడ్డు దిగి లోపలికి నడిచే ఊరు అంటే చాలు.

తొంభైల చివరి సంవత్సరాలు. వానలు మొదలయ్యాయి. ఒక మధ్యాహ్నం కరెంటు ఆఫీసులో లైన్‌మన్‌గా పనిచేసే మనిషి దరఖాస్తు పట్టుకుని మా దగ్గరికి వచ్చాడు. యాభైకి దగ్గరగా ఉంటాడు. వాళ్ల తండ్రి బ్రిటిష్ కాలంలో ఒక పల్టన్‌లో, అంటే సైనిక పటాలంలో, దర్జీ అట. బర్మా యుద్ధంలో పల్టన్ వెనక్కి నడిచి వచ్చినప్పుడు, దొరల మెస్సు గోడకు వేలాడే పాత కుట్టుపని గుడ్డను ఒంటికి చుట్టుకుని ప్రాణం మీదికి తెచ్చుకుని మరీ కాపాడి తెచ్చాడట. ఊళ్లో చర్చికి నూరేళ్లు నిండుతున్నాయి. ఆ ఆదివారానికి గుడ్డను బాగుచేయించి, అద్దంలో పెట్టి, తండ్రి జ్ఞాపకంగా చర్చిలో ఉంచాలని అతని కోరిక.

"ఇక్కడికి తీసుకురండి, చూస్తాం," అన్నారు మా పై అధికారి. ఆయన రసాయన శాస్త్రం చదువుకున్నవాడు. దేన్నీ నమ్మేవాడు కాదు.

"తేలేను సార్," అన్నాడు అతను. "మా నాయిన సచ్చేటప్పుడు ఒట్టు వెట్టిచ్చుకున్నడు. గుడ్డను ఊరు దాటనియ్యద్దు, ఎనుకటి కుట్లు ఇప్పద్దు అన్నడు."

"విప్పకుండా బాగుచేయడం కుదరదయ్యా."

అతను చేతిలోని దరఖాస్తును మళ్లీ మడిచాడు. "మరి ఒక్క ఒట్టన్న నిలవెట్టుకుంట సార్. మీరే మా ఊరికి రాండ్రి."

అలా మూడు వారాలు నేను సికింద్రాబాదులో బస్సెక్కి, తూంకుంట దాటి, రోడ్డు మీద దిగి, బురదలో నడిచి వెళ్లాను. చర్చి వెనకాల ఒకప్పుడు మందులిచ్చే గది ఒకటి ఉండేది. పాడుబడితే సున్నం కొట్టి నాకిచ్చారు. పడమర వైపు ఒకే ఒక కిటికీ. మధ్యాహ్నం దాకా ఆ గదిలో వెలుగు చదునుగా, నీరసంగా ఉండేది. సాయంత్రం అయిదు దాటాక, మబ్బు లేకపోతే, సూర్యుడు కిటికీలోంచి బల్ల అంచును తాకేటంత కిందికి దిగేవాడు. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానో ముందు ముందు తెలుస్తుంది.

గుడ్డ ఇనుప పెట్టెలో, వేపాకు మధ్య ఉంది. నల్ల బనాతు ఉన్నిగుడ్డ మీద వెండి బంగారు జరీతో, పట్టుదారంతో కుట్టిన పని. మధ్యలో పులి తల, దాని వెనుక అడ్డంగా రెండు బల్లేలు, చుట్టూ ఆకుల దండ, కింద పల్టన్ పేరు. యుద్ధం నాటికే దానికి యాభై అరవై ఏళ్లు ఉండి ఉంటాయి. జరీ నల్లబడింది గానీ పులి కళ్లకు పెట్టిన పసుపు పట్టు మాత్రం నిన్న కుట్టినట్టుంది. నేను ఎటు జరిగినా అది నన్నే చూస్తున్నట్టు అనిపించేది. మంచి పనితనం ఉన్న ఏ కుట్టు కన్నయినా అలాగే ఉంటుంది. ఆ మాట నాకు నేను రోజుకు రెండుసార్లు చెప్పుకునేదాన్ని.

ముందు భాగం చూసి వెనక్కి తిప్పితే మరో మనిషి చేతిపని కనిపించింది. వెనకాల అంతా ఒక ఖాకీ గుడ్డ, అంచుల వెంట గోనె పురికొసతో కుట్టి ఉంది. మూటలు కుట్టినట్టు పెద్ద పెద్ద కుట్లు, ప్రతి జానెడుకీ రెండు ముళ్లు. దర్జీ ఇంట్లో ఇలాంటి కుట్టు ఏమిటని ఒక్క క్షణం అనుకున్నాను. అడవిలో, తొందరలో కుట్టి ఉంటాడులే అని సరిపెట్టుకున్నాను. ఈ కథలో నేను చాలాసార్లు సరిపెట్టుకున్నాను. అది మొదటిది.

"మా నాయినకు ముందటి బొమ్మతోని పనే లేదు మేడం," అన్నాడు లైన్‌మన్, నేను ఖాకీ కుట్లు కోస్తుంటే తలుపు దగ్గర నిలబడి. "ఏడాదికొక్కపారి పెట్టెలకెల్లి తీసేది. బోర్ల వెట్టి, ఎనుక చెయ్యి వెట్టి కూసునేది. పొద్దంత గట్లనే. మేం పక్కకు వోతే ఊకునేటోడు కాదు."

ఖాకీ గుడ్డ తీశాను. లోపలి నుంచి ఎండిపోయిన మట్టి రాలింది. ఆకుల పొడి రాలింది. ఒక మూల, ఖాకీకీ లోపలి అస్తరుకూ మధ్య, చింతగింజంత నల్లటిది ఏదో అతుక్కుని ఉంది. భూతద్దం పెట్టి చూస్తే ఎండిన జలగ. దాన్ని పట్టకారుతో తీసి కాగితంలో పెడుతుంటే అస్తరు మీద పేర్లు కనిపించాయి.

నల్ల నూలు అస్తరు. దాని మీద ఎరుపు, పసుపు, ఆకుపచ్చ పట్టుదారాలతో, ముత్యాల్లాంటి తెలుగు అక్షరాలు. ఒక్కో వరుసలో ఒక పేరు, పక్కన పని. వంట. నీళ్లు. ధోబీ. మంగలి. డోలీ. సిపాయిలు కారు, వాళ్ల వెంట నడిచిన పనివాళ్లు. ఎవరూ లెక్కలోకి తీసుకోని మనుషులు. వెనక్కి నడుస్తున్న దారిలో ఒక్కొక్కరే పోతుంటే ఆ దర్జీ ఒక్కొక్క పేరు కుట్టుకుంటూ వచ్చాడని అర్థమైంది. మొదటి పేర్లు పెద్దవిగా, పూల తీగతో ఉన్నాయి. పోను పోను అక్షరం చిన్నదైంది, తీగ పోయింది. దారం పొదుపు చేశాడు. చివరి పేర్లు వంకరపోయాయి. జ్వరంతో కుట్టినట్టు.

పదిహేడు పేర్లు.

నా ఉద్యోగంలో అంత సంతోషం వేసిన క్షణాలు తక్కువ. నోరు ఆపుకోలేకపోయాను. అదే నా అసలు తప్పు. ముందు పూర్తిగా చూడాలి, రాసుకోవాలి, మాట్లాడటం ఆ తర్వాత. ఈ మాట మీకు నేనే క్లాసుల్లో చెప్పి ఉంటాను. ఆ రోజు మాత్రం లైన్‌మన్‌ను చెయ్యి పట్టి లాగినంత పని చేసి, "చూడండి, మీ నాయన కుట్టినవి!" అన్నాను.

అతను వంగి చూశాడు. మొహంలో సంతోషానికి ముందు ఇంకేదో వచ్చింది.

"మా నాయినకు అచ్చరం ముక్క రాదు మేడం. బతికినన్ని దినాలు ఏలుముద్రనే."

"రాకపోవడమేంటి?"

"ఏమో. బట్టలు కుట్టే సూది గూడ ముట్టలే. లడాయిల చేతులు ఖరాబైనయి అనేది మా అమ్మ. ఎడ్లబండి తోలిండు. జీవాలంటే పానం. ఎంత మొండి ఎద్దయినా మా నాయిన చెయ్యి వెడితే నిలవడేది."

యుద్ధం మనుషులను అలా మారుస్తుందని ఏదో చెప్పాను. నా మాట అతనికి నచ్చింది. ఆ సాయంత్రానికే పాదిరిగారికి తెలిసిపోయింది. నూరేళ్ల ఆదివారం నాడు ఆ పదిహేడు పేర్లూ చదివి, వాళ్ల కోసం ప్రార్థన చేద్దామన్నారు. జాబితా రాసివ్వమన్నారు. రాసిచ్చాను.

మరుసటి రోజు సాయంత్రం. మబ్బు విడింది. నేను అస్తరు మీది మట్టిని మెత్తటి కుంచెతో దులుపుతున్నాను. కిటికీలోంచి ఎండ బల్ల మీదికి పాకి, గుడ్డను పక్క నుంచి తాకింది. పదిహేడో పేరు కింద, ఏమీ లేని నలుపులో, ఇంకో వరుస లేచింది.

లేచింది అని ఎందుకన్నానంటే అలాగే కనిపించింది. చెమట కాయల్లాగా చిన్న చిన్న ఉబ్బులు, వాటి పక్కన నీడలు. నేను చూస్తుండగానే మబ్బు కమ్మింది, వరుస మాయమైంది. వేలితో తడిమాను. ఏదో ఉంది. గరుకుగా, బిరుసుగా. వేలు తీసేశాను. బస్సుకు వేళ కాకపోయినా ఆ రోజు తొందరగా బయల్దేరాను.

పై అధికారికి చెబితే నవ్వారు. "నువ్వు ఒక్కదానివే పాడుబడ్డ గదిలో కూర్చుంటే పద్దెనిమిదేం ఖర్మ, ఎనభై పేర్లు కనిపిస్తాయి," అన్నారు. మర్నాడు తనే వచ్చారు. మధ్యాహ్నం లెక్కపెట్టారు. పదిహేడు. మళ్లీ లెక్కపెట్టి చేతులు దులుపుకున్నారు. అయిదింటిదాకా ఆగమన్నాను. చర్చి అరుగు మీద కూర్చుని టీ తాగి, ఆగారు. ఎండ దిగింది. ఆయన బల్ల మీదికి వంగి వేలితో ఒక్కొక్క వరుసా లెక్కపెడుతూ కిందికి వచ్చి ఆగిపోయారు. నవ్వలేదు. "ఆఖరి బస్సు ఎన్నింటికి?" అని మాత్రం అడిగారు.

వరుస చివర తెగి వేలాడుతున్న పోచ ఒకటి ఉంది. దాన్ని గాజుపలకల మధ్య పెట్టుకుని వెళ్లి, పొద్దున్నే సూక్ష్మదర్శిని కింద చూసి నన్ను పిలిచారు.

"ఇది దారం కాదమ్మాయ్. వెంట్రుక."

నా మొహం చూసి వెంటనే, "మనిషిది కాదు," అన్నారు. "ఇంత మందం మనిషికి ఉండదు. గుర్రం తోకో, కంచర గాడిద తోకో."

ఆ వరుస నల్ల వెంట్రుకతో నల్ల అస్తరు మీద కుట్టినది. అందుకే కనిపించలేదు. తర్వాతి రోజుల్లో సాయంత్రపు ఎండ కోసం కాచుకుని, టార్చిలైటును పక్కగా పట్టి, ఆ అక్షరాలను కాగితం మీదికి ఎత్తుకున్నాను. మిగతా పదిహేడింటి చెయ్యి కాదది. రాయడం తెలిసినవాడి అక్షరం కాదు. చూసి బొమ్మలాగా దించిన అక్షరం. తలకట్టు ఒకచోట, అక్షరం ఒకచోట. ఒక గుడి తలకిందులైంది. పక్కన పని మాత్రం లేదు. దానికి బదులు చిన్న కత్తెర బొమ్మ.

పేరు చదివాను. అది లైన్‌మన్ తండ్రి పేరు. చర్చి వెనుక సమాధుల్లో, తొమ్మిదేళ్ల కింద పెట్టిన రాయి మీద ఉన్న పేరు. రోజూ ఆ రాయి పక్క నుంచే నేను గదిలోకి వెళుతున్నాను.

పోయినవాళ్ల పేర్లు కుడుతూ వచ్చిన మనిషి పేరును ఇంకెవరో కుట్టారంటే, కుట్టే మనిషి అప్పటికి లేడు. మరి ఊరికి వచ్చింది ఎవరు? నలభై అయిదేళ్లు ఇక్కడ బండి తోలి, పిల్లల్ని కని, ఆ రాయి కింద పడుకున్నది ఎవరు? ఆ సాయంత్రం ఎండ పోయాక కూడా నేను లైటు వేయడం మరిచి కూర్చున్నాను. వాన మొదలైంది. తడి తగిలి గుడ్డ నుంచి వాసన లేచింది. మట్టి, ఆకు, పశువు చెమట. తలుపు దగ్గర ఎవరో నిలబడ్డారనిపించి తల తిప్పాను. ఎవరూ లేరు. నేను దెయ్యాలను నమ్మను. సంచి సర్దుకుని, ఆ తలుపును వెనకాల చూడకుండా వేసి వెళ్లాను.

యాప్రాల్‌లో ఒక రిటైర్డు మేజరుగారు పాత పల్టన్ల చరిత్ర సేకరిస్తుంటారని తెలిసి మా అధికారి నన్ను తీసుకెళ్లారు. ఆయన మేము తీసుకెళ్లిన గుడ్డ ఫోటో చూసి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"ఇది ఉండడానికి వీల్లేదు మేడం," అన్నారు. "కాల్చేశారు దీన్ని. శత్రువు చేతికి దొరక్కూడదని ఆర్డరు. దర్జీకి అప్పగించి కాల్చమన్నారు. కాల్చినట్టు రాసుకున్నారు కూడా."

"ఆ దర్జీ ఏమయ్యాడు సార్?"

"పనివాళ్ల పేర్లు పల్టన్ కాగితాల్లో ఉండవు. ఎంతమంది అనేదే ఉంటుంది." కాగితాలు తిరగేశారు. "వాళ్లలో ఒక్కడే ఇవతలికి చేరాడు. మ్యూల్ డ్రైవర్. కంచర గాడిదలు తోలేవాడు. ఆస్పత్రిలో చేర్చారు. ఒక పొద్దున మంచం ఖాళీగా ఉంది. పారిపోయినట్టు రాశారు."

తిరుగుదారిలో మా అధికారి బస్సు కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నారు. దిగేటప్పుడు, "రిపోర్టు నువ్వే కదా రాసేది," అన్నారు. అంటే నాకు వదిలేశారని అర్థం. మంచి మనిషి. అందుకే ఆయన మీద నాకు అప్పుడు చాలా కోపం వచ్చింది.

శనివారం వచ్చింది. తెల్లారితే పండుగ. పాదిరిగారి దగ్గర పదిహేడు పేర్ల జాబితా ఉంది. లైన్‌మన్ షామియానా వేయించే పనిలో తిరుగుతున్నాడు. నేను ఖాకీ గుడ్డను తిరిగి కుట్టేసి, ఏమీ చూడనట్టు ఇంటికి పోవాలని నిశ్చయించుకున్నాను. పొద్దంతా ముసురు. సూదిలో దారం ఎక్కిస్తుండగా తలుపు దగ్గర కర్ర చప్పుడైంది. ఈసారి నిజంగానే ఎవరో ఉన్నారు. లైన్‌మన్ తల్లి. డెబ్బై అయిదేళ్లు దాటిన మనిషి. మూడు వారాల్లో ఒక్కసారి కూడా ఆ గదిలోకి రాలేదు.

"మూస్తున్నవా బిడ్డా?" అంది.

"అవునమ్మా."

"జర ఆగు." వచ్చి బల్ల పక్కన స్టూలు మీద కూర్చుంది. "మా పోరడు పదిహేడు పేర్లున్నయన్నడు. ఇంకొకటి ఉన్నదా?"

ఆమె నా మొహమే చూస్తోంది. నా మొహం అబద్ధం దాచగలిగేది కాదు.

"ఉన్నదన్నట్టు," అంది నెమ్మదిగా. "ఆయన రాలే బిడ్డా. ఈయన వచ్చిండు."

బయట వాన పెద్దదైంది. ఆమె కర్రను మోకాళ్ల మీద పెట్టుకుంది.

"మేం ముందుగాల సికింద్రాబాదు లష్కర్ల పల్టన్ లైన్లల్ల ఉంటుంటిమి. ఆయన లడాయికి వోయినంక, నేనూ మా అత్తా ఈడి పాదిరి దొర తోటల పనికి వచ్చినం. ఈ ఊరోళ్లకు ఆయన మొకమే ఎర్కలేదు. మా అత్తకు కండ్లు వోయినయి. గడపల కూసోని, ఎవ్వల అడుగుల సప్పుడైనా వచ్చినవా కొడుకా అనేది. పాలు పోసేటోన్ని గూడ గట్లనే అన్నది. గా పొద్దు గూడ గట్లనే అన్నది. పొయ్యికాడికెల్లి తొంగి సూసిన. ఎవ్వడో. బొక్కలు దేలిన మనిషి. పెయ్యికి గీ గుడ్డ సుట్టుకున్నడు. ఏందో సెప్పబోయిండు. మా అత్త రెండు చేతులు సాపింది. గంతే. వచ్చిన అవ్వా, అన్నడు."

"మీరు ఏమీ అనలేదా?"

"ఏమంట? ముసలిది నవ్వింది బిడ్డా. రెండేండ్లకు నవ్వింది."

కొంగు భుజం మీదికి లాక్కుంది.

"నాకు పెరట్ల సెప్పిండు. కొండల మీద వాన, జరం. మూడు దినాలు ఆయనను మోసిన అన్నడు. మట్టి గప్పిన అన్నడు. గీ గుడ్డ ఇచ్చి పోదామని వచ్చిన, రేపు పోత అన్నడు. మా అత్త చెయ్యి ఇడిస్తే గద పోయేది. నాలుగేండ్లు దొడ్డిల ఎడ్లకాడ పండిండు, పరాయోని లెక్క. మా అత్త పోయినంక మూట గట్టుకున్నడు. నేనే అడ్డం నిలవడ్డ."

"మంచివాడా అమ్మా?"

"మస్తు మంచోడు. ఒక్కనాడు చెయ్యి లేపలే. గని..." ఆమె గొంతు తగ్గింది. "వాన పడ్డప్పుడల్లా సూసేదాన్ని ఆయన దిక్కు. ఒక్కడే ఎట్ల వచ్చిండు? ఆయన గుడ్డ ఈయన పెయ్యి మీదికి ఎట్ల వచ్చింది? పానమున్నంగనే గుంజుకున్నడా? కొండ మీద ఇడిసివెట్టిండా? ఎనుక ఇప్పద్దంటే ఇంకింత అనుమానం. నలభై ఏండ్లు ఒక్క కంచంల తిన్న. ఒక్కనాడు అడగలే. ఆయన సెప్పలే."

ఆమె చెయ్యి పట్టుకుని పద్దెనిమిదో వరుస మీద పెట్టాను. టార్చి వేసి పక్కగా పట్టాను. ఆమెకు చదువు రాదు. చూడలేదు కూడా. కళ్లు మూసుకుని వేళ్లతో కుట్టు వెంట వెళ్లింది. చివర కత్తెర బొమ్మ దగ్గర ఆగింది. దాన్ని రెండు మూడుసార్లు తడిమింది.

"ఇది ఈయన కుట్టే," అంది. "ఎడ్ల మీదేసే గంతలు దబ్బనంతోని గిట్లనే కుట్టేది. రెండు ముందట్కి, ఒకటి ఎనుకకు. దేనితోని కుట్టిండు?"

"కంచర గాడిద తోక వెంట్రుకతో. దారం అయిపోయి ఉంటుంది."

"అచ్చరం రాదు గద ఆయనకు?"

"ఎక్కడో రాసి ఉన్నది చూసి దించాడు. మీ ఆయన సంచి మీద ఉండేదేమో."

"ఉండె," అంది. "కత్తెర్ల సంచి మీద పేరు కుట్టుకున్నడు." చాలాసేపు ఆ వరుస మీదే చెయ్యి ఉంచింది. తర్వాత ఒక మాట అంది. "సంపినోడు పేరు కుట్టడు బిడ్డా."

ఆమె ఏడవలేదు. నాకే కళ్లు మసకబారాయి. కొంగుతో ఆమె బల్ల మీద రాలిన మట్టిని తుడిచి, "సూది ఇటియ్యి," అంది.

ఎందుకని అడగనక్కర్లేకపోయింది. పద్దెనిమిదో పేరు కింద జానెడు ఖాళీ ఉంది.

పాత గుడ్డ మీద కొత్త కుట్టు వేయడమంటే మా వృత్తిలో సాక్ష్యాన్ని తారుమారు చేయడమే. ఇది చదువుతున్న పిల్లల్లో ఎవరైనా ఆ పని చేస్తే నేనే ముందు ఫిర్యాదు చేస్తాను. ఆ రోజు మాత్రం సూదిలో దారం నేనే ఎక్కించాను. ఎరుపు, పసుపు చూపించాను. "నల్లదే ఇయ్యి," అంది.

"అక్షరాలు గీస్తాను. పేరు చెప్పండి."

ఆమె తల వంచుకుంది. పెనిమిటి పేరు నోటితో పలకని కాలం మనిషి. ఇద్దరి పేర్లూ ఆమె జన్మలో పలికి ఉండదు. ఒకాయన పేరుతో ఊరంతా రెండో ఆయన్ని పిలిచింది. రెండో ఆయన అసలు పేరు ఎవరూ పిలవనే లేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చెప్పింది. వాన చప్పుడులో వినపడక మళ్లీ అడిగాను. మళ్లీ చెప్పింది. రెండే అక్షరాలు. సుద్దతో గీశాను.

దర్జీ భార్య చెయ్యి అది. చూపు ఆనకపోయినా కుట్టు తప్పలేదు. గంటసేపు పట్టింది. ముడి వేసి, దారం పంటితో కొరికి, సుద్ద గీతలు పోయేలా గుడ్డను అరచేత్తో ఒకసారి నిమిరింది.

అప్పుడే లైన్‌మన్ వచ్చాడు, గొడుగు దులుపుకుంటూ. "నువ్వీడున్నవా అమ్మా?" అని, తెరిచి ఉన్న అస్తరు చూసి దగ్గరికి వచ్చాడు. టార్చి ఆర్పేశాను. ముసురు వెలుగులో పదిహేడు పేర్లే కనిపిస్తున్నాయి. వరుసగా చదివాడు.

"అందరియి ఉన్నయి. మా నాయిన పేరు గూడ ఉంటే మంచిగుండు," అన్నాడు.

"ఉన్నది," అంది తల్లి. కొడుకు చూపుడువేలు పట్టుకుని, తను కుట్టిన వరుస మీద పెట్టింది. "గిదే మీ నాయిన పేరు."

అతను నవ్వుతూ తడిమాడు. మెల్లగా నవ్వు ఆగింది. "ఇంత పొట్టిగున్నదేందమ్మా? నాయిన పేరు పొడుగు గద?"

ఆమె అతని వేలిని పై వరుసకు జరిపింది. బిరుసు వెంట్రుక కుట్టు మీదికి. "నువ్వనుకునే పేరు గిది."

అతని వేలు అక్షరం అక్షరం వెళ్లింది. తర్వాత దానంతట అదే కిందికి దిగింది. మళ్లీ పైకి. స్తంభాల మీద, తీగల మీద పనిచేసిన మనిషి. ముట్టుకున్నదేమిటో తెలియకపోతే బతకని ఉద్యోగం అతనిది.

"ఇద్దరా?" అన్నాడు.

"ఇద్దరు."

"ఏమని పిలుస్తరు, కిందాయనను?"

తల్లి చెప్పింది. ఈసారి కొంగు అడ్డం పెట్టుకోలేదు. అతను ఆ రెండక్షరాలూ నోట్లోనే ఒకసారి అనుకున్నాడు.

"రేపు గీ పేరు గూడ సదువుమందునా అమ్మా?"

"వద్దు. ఆయన దాసుకున్నడు, దాసుకోనియ్యి. పై పేరు సదువుమను. గాయనకు ఇంతవరకు ఎవ్వలు ప్రార్థన చెయ్యలే."

అతను జేబులోంచి మడిచిన కాగితం తీశాడు. నేను రాసిచ్చిన జాబితా నకలు. బల్ల మీద పెట్టి, నా పెన్ను అడిగి తీసుకుని, పదిహేడు పేర్ల కింద పద్దెనిమిదోది రాశాడు. రాసి, చాలాసేపు దాని వంక చూసి, "ఇగ మూసెయ్యిండ్రి మేడం," అన్నాడు. మూసేశాను. రిపోర్టులో, వెనుక అస్తరు మీద వేర్వేరు కాలాల కుట్లు ఉన్నాయి, విప్పకుండా ఉంచడం మంచిది అని రాశాను. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. పై అధికారి చదివి, ఏమీ అడగకుండా సంతకం పెట్టారు.

ఆదివారం చర్చి నిండిపోయింది. గుడ్డ అద్దంలో, పులి తల ముందుకు పెట్టి, వేదిక పక్కన ఉంది. పాదిరిగారు ఒక్కొక్క పేరూ నిదానంగా చదివారు. పద్దెనిమిదో పేరు రాగానే జనమంతా వెనక్కి తిరిగి ముసలామె వైపు ప్రేమగా చూశారు. తొమ్మిదేళ్ల కింద పోయిన బండి తాతను తలుచుకుంటున్నారు వాళ్లు. గుడ్డను కాపాడి తెచ్చిన మనిషికి ఇంత గౌరవం దక్కిందని మురిసిపోతున్నారు. ముసలామె చాప మీద కూర్చుని ఉంది. పేరు చెవిన పడగానే చేతిలోని కర్ర పక్కన పెట్టింది. రెండు చేతులూ నేల మీద ఆనించి, ఇరవై ఏళ్ల పిల్ల ఏడ్చినట్టు, గొంతెత్తి ఏడ్చింది.

ఆడవాళ్లు చుట్టూ చేరి ఓదార్చారు. "ఊకో అవ్వా, పోయి తొమ్మిదేండ్లాయె," అంటోంది ఒకామె.

కొడుకు వాళ్లను పక్కకు జరిపి తల్లి వెనకాల కూర్చున్నాడు. "ఏడ్వనియ్యిండ్రి," అన్నాడు. "ఇయ్యాల్నే పోయినట్టు ఆమెకు."

వాళ్లకు ఆ మాట అర్థం కాలేదు. ఏడవనిచ్చారు.